అత్త చూడని ముగింపు

ఆ ఆట నేను పూర్తి చేశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉన్నదాన్నే అయినా, అందులో కూడా ఆ రోజు కింద వాన పడిందనీ, బడికి సెలవిచ్చారనీ రాసి ఊరుకున్నాను. మా ఇంట్లో ఈనాటికీ నా గురించి అందరూ అనుకునేది ఒకటే, పాప ఆఖరి తలుపు దాకా వెళ్లింది గానీ దాన్ని దాటలేకపోయింది అని.

మొన్న గిద్దలూరు నుంచి మార్కాపురం వెళ్లే బస్సులో, ఎప్పటిలాగే ఎవరూ పలకరించకుండా ఉండేందుకు ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన కాలేజీ పిల్ల ఒకతె ఫోన్‌లో ఏదో ఆడుకుంటోంది. బేస్తవారిపేట దాటాక ఆ ఫోన్‌లోంచి సన్నగా ఈల వేసినట్టు ఒక పాట వినిపించింది. అది వినగానే పుస్తకం అట్ట మీద నా బొటనవేళ్లు రెండూ వాటంతట అవే కదిలాయి. తిరిగి చూస్తే అదే ఆట. అప్పట్లో బూడిద రంగులో చుక్కలు చుక్కలుగా కనిపించిన బొమ్మలకు ఇప్పుడు రంగులొచ్చాయి, నునుపొచ్చింది. కానీ అదే గ్రహం, అవే ఇనుప సాలీళ్లు, అద్దాల గది, హెల్మెట్ పెట్టుకుని తుపాకీతో పరుగెత్తే అదే ఆడమనిషి.

నేను చూడడం ఆ పిల్ల గమనించింది. "మీరూ ఆడతారా అక్కా?" అని అడిగింది. లేదన్నట్టు తలూపాను. "సూపరుంటాదక్కా. దీంట్లో రెండు ఎండింగులు పెట్టినారు. తాళాలన్నీ ఏరుకుంటే ఆమె వెనక్కొస్తాది, లేకుంటే రాదు. మన ఇష్టం" అని చెప్పి మళ్లీ ఫోన్‌లోకి వంగిపోయింది. మన ఇష్టం అన్న ఆ మాట మార్కాపురంలో బస్సు దిగాక కూడా నన్ను వదలలేదు.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాయన పలకల పని పెట్టుకున్నాడు. గని నుంచి వచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా విడదీసి, కోసి, అరగదీసి, చెక్క చట్రాలు బిగించి, కట్టలు కట్టి లారీకెక్కించేవాళ్లు. నా వయసు వాళ్లలో చాలామంది అక్షరాలు దిద్దిన పలకలు ఇలాంటి షెడ్డుల నుంచే వచ్చి ఉంటాయి. ఆ దుమ్ము ఎంత ఊడ్చినా పోయేది కాదు. అన్నం గిన్నె మూత మీద, తలదిండు మీద, పుస్తకాల అంచుల మీద సన్నగా పేరుకునేది. చట్రాలు బిగించే పని మా మేనత్తది. సాయంత్రానికి ఆమె కనుబొమ్మలు కూడా నెరిసినట్టు అయిపోయేవి. మొహం కడుక్కుని వచ్చి, చూడు పాపా, మళ్లీ పడుచుదాన్నైనా అని నవ్వేది.

అత్త మా ఇంటికి రావడానికి కారణం మామ. ఆయన బోరు లారీ మీద పనికి ఉత్తరాది వైపు వెళ్లి తిరిగి రాలేదు. కూడా వెళ్లినవాళ్లు వచ్చారు. దారిలో ఏదో స్టేషన్లో దిగాడని ఒకరు, అక్కడే వేరే లారీ ఎక్కాడని ఒకరు చెప్పారు. నాయన రెండుసార్లు వెతకడానికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. పిల్లలు లేరు కాబట్టి అత్త తన పెట్టె తెచ్చుకుని మా మధ్య గదిలో ఉండిపోయింది. మామ తువ్వాలు ఒకటి ఆ గది చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండేది. దాన్ని ఉతికి మళ్లీ అక్కడే వేసేది. ఆ సంగతి ఎవరం మాట్లాడేవాళ్లం కాదు.

ఇక ఆ ఆట మా ఇంటికి వచ్చిన తీరు చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నాయన పలకల లోడుతో మద్రాసు వెళ్లినప్పుడు, అక్కడ పాత సామాన్ల బజారులో ఒకడు దాన్ని చేతిలో పెట్టి, ఇది ఇంగ్లీషు నేర్పే మిషను అని చెప్పాడట. అరచేతికి కాస్త పెద్దది, బూడిద రంగు ప్లాస్టిక్కు, తెరలాంటి చిన్న అద్దం, నాలుగు మీటలు, వెనక ఇరుక్కుపోయి ఊడిరాని ఒక క్యాసెట్టు. మీట నొక్కితే నిజంగానే ఇంగ్లీషు మాటలు వచ్చాయి. నాయన నమ్మాడు. బిడియంతో బడిలో నోరు విప్పని కూతురికి ఇదైనా మాటలు నేర్పుతుందని తెచ్చాడు. అది ఆట అని నాకు మొదటి రోజే తెలిసిపోయింది గానీ నాయన మొహం చూసి చెప్పలేకపోయాను. అందుకని మా ఇంట్లో దాని పేరు ఇంగ్లీషు మిషనే. నేను ఆడుతుంటే, పాప చదువుకుంటాంది, పిలవొద్దు అనేవాడు నాయన. నిజానికి నేను ఇంగ్లీషు కొంత దానివల్లే నేర్చుకున్నాను కూడా. డిక్షనరీ పక్కన పెట్టుకుని అద్దం మీద వచ్చే ఒక్కో వాక్యాన్ని విప్పుకునేదాన్ని.

మొదట దాన్ని గుర్తు పట్టింది అత్త. క్యాసెట్టు మీద సగం చిరిగిన కాగితం బొమ్మ ఉండేది, హెల్మెట్ ఆడమనిషీ, ఆమె వెనక అద్దాల గదిలో నిలబడ్డ మగమనిషీ. చట్రం బిగిస్తున్న అత్త సుత్తి కింద పెట్టి, "ఓయమ్మో, ఈ సినిమా నేను జూసినా!" అంది. "మీ మామా నేనూ మార్కాపురంలో జూసినాం. ఆఖరు మాత్రం జూడలే."

ఆఖరు ఎందుకు చూడలేదో మా వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. ఫస్టు షో వదిలే వేళకి మా ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోయేది. అందుకని మా పల్లెల వాళ్లు ఏ సినిమాకి వెళ్లినా, హీరో విలన్ ఇంటి గేటు దగ్గరికి చేరేసరికి చెప్పులు వెతుక్కుని లేచేవాళ్లు. హాల్లో ఒక్కసారిగా కుర్చీలు టపటపా మూసుకునేవట, ఊరి బస్సు వాళ్లు పోతున్నారు అని టౌను వాళ్లు నవ్వేవాళ్లట. క్లైమాక్సులు మాకు సంతలో తెలిసేవి. కూరగాయలు కొనేటప్పుడు టౌను వాళ్లనెవరినో పట్టుకుని, ఆ పిల్ల తండ్రి ఒప్పుకున్నాడా లేదా అని అడిగి తెలుసుకుని, ఊళ్లోకి వచ్చి పంచేవాళ్లు. ముగింపు తెలియని సినిమా అంటూ మా ఊళ్లో ఏదీ ఉండేది కాదు. ఇదొక్కటి తప్ప. ఇది తెలుగులో మాట్లాడించిన ఇంగ్లీషు సినిమా, మూడు భాగాల్లో రెండోది. నాలుగు రోజులు కూడా ఆడలేదు. సంతలో ఎవరినడిగినా, మేం పోలేదత్తా అనేవాళ్లే. తర్వాత టీవీలో ఎన్నోసార్లు వచ్చింది మొదటి భాగమే, మూడోది మా వైపు రానేలేదు.

కథ ఇది. ఎక్కడో ఒక గ్రహం మీద ఇనుప సాలీళ్లు మనుషుల్ని వేటాడుతుంటాయి. కెప్టెన్ అయిన ఆ ఆడమనిషి మిగిలినవాళ్లను ఓడలోకి ఎక్కిస్తుంది. ఆమెతో పనిచేసే మనిషి ఒకడు అద్దాల గదిలో చిక్కుకుపోతాడు. అద్దానికి అటు ఆయన, ఇటు ఈమె చేతులు ఆనించి నిలబడతారు. నీ కోసం వస్తాను అని ఆమె మాటిచ్చి ఓడ వైపు పరుగెత్తుతుంది. సరిగ్గా అక్కడ మామ, అత్త చేయి పట్టుకుని లేపాడట.

ఆ బస్సులో ఇద్దరూ దారి పొడుగునా పోట్లాడుకున్నారట. వస్తాది, మాటిచ్చినాక రాకుండా ఉంటాదా అని మామ. రాదు, ఎవరి ప్రాణం వాళ్లకి తీపి అని అత్త. కండక్టరు కూడా కలగజేసుకుని మామ పక్షం చేరాడని చెప్పి అత్త నవ్వేది. ఆ తర్వాత చాలా రోజులు కూరలో ఉప్పెక్కువైనా సరే, ఆ పిల్ల రాదన్నావే, అట్లే నీకు వంట గూడా రాదు అనేవాడట మామ. ఆయన వెళ్లిపోయాక అత్త తన పందెం మార్చుకుంది. నాకు కథ చెప్పిన ప్రతిసారీ, "మీ మామ జెప్పిందే నిజం పాపా. వస్తాది" అనే ముగించేది.

అలా నేను అత్త కోసం ఆడడం మొదలుపెట్టాను. బడి నుంచి రాగానే షెడ్డు గుమ్మంలో కూర్చునేదాన్ని. ఆమె చేతులు చట్రాలు బిగిస్తూ ఉండేవి, కళ్లు నా చేతుల మీద ఉండేవి. ఆ ఆట నిండా నడవాలు, మెట్లు, ఒకేలా ఉండే తలుపులు. దారి తప్పితే మళ్లీ మొదటికే. అందుకని అత్త ఒక ఉపాయం చేసింది. అమ్మకానికి పనికిరాని పగుళ్ల పలకలు షెడ్డులో బోలెడు ఉండేవి కదా, వాటి మీద బలపంతో దారులు గీయించింది. అంతస్తుకొక పలక. సాలీడు ఉన్న చోట సున్నా, తాళం దొరికే చోట ఇంటూ. ఆ పలకలన్నీ గోడ వెంట వరసగా నిలబెట్టి ఉండేవి. పక్కింటామె వచ్చి చూసి, "ఏందే, నువ్వు గూడ ఇంగ్లీషు నేరుస్తాండావా? కలెక్టరు పోస్టు ఇస్తారా ఏంది?" అని ఎకసెక్కంగా అడిగితే, "ఇస్తే ముందు నీ బర్రెను మా గడపలో కట్టేయకుండా ఆర్డరేస్తాలే అక్కా" అంది అత్త, చేతిలో పని ఆపకుండానే.

పెన్సిలు సెల్సు అయిపోతే రేకు మీద ఎండబెట్టి మళ్లీ వేసేవాళ్లం. ఎండిన సెల్సుకు కాస్త ప్రాణం వచ్చేదని మనందరికీ గుర్తే కదా. నాకు బడిలో మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ షెడ్డు గుమ్మంలో మాత్రం నేను గలగలా మాట్లాడేదాన్ని. అద్దం మీది ఇంగ్లీషును తెలుగు చేసి చదువుతుంటే, నా గొంతు కోసం ఒక మనిషి పని ఆపి ఎదురుచూడడం నాకు అక్కడే తెలిసింది.

నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అత్తకు దగ్గు మొదలైంది. మార్కాపురంలో డాక్టరు ఈ దుమ్ము వదలమన్నాడు. అప్పుడే అమ్మ వైపు బంధువు, నాకు పెద్దమ్మ వరస, దోర్నాల నుంచి వచ్చింది. శ్రీశైలం యాత్రికుల కోసం నడిపే సత్రంలో ఆమె వంటిల్లు చూసుకునేది. ఒక మనిషి కావాలి, గది ఇస్తారు, అడవి గాలి మంచిది, వచ్చెయ్ అని అత్తను అడిగింది. చెల్లెల్ని పొమ్మన్నట్టు ఉంటుందేమోనని నాయన బాధ. అమ్మే నోరు విప్పింది. "పోరాదా వదినా. ఆయన వస్తే మేం జెప్పమా, నువ్వు ఫలానా చోట ఉండావని?"

అందరం అత్త మొహం చూశాం. ఆమె నవ్వింది. నవ్వి నా వైపు చెయ్యి చూపించింది. "ఈ పాప ఆట తేలనీ. ఆ పిల్ల వాని కోసం వచ్చిందా, నేనీడనే ఉంటా. రాలేదా, పెట్టె సర్దుకుని దోర్నాలకి పోతా. ఇంగ ఎవురూ నన్నడగాకండి."

పెద్దమ్మ, నీకేమన్నా పిచ్చా అని తిట్టింది. అందరూ దాన్ని తమాషాగానే తీసుకున్నారు. నేను తీసుకోలేదు. ఆమె కథ నవ్వుతూ చెప్పినా, వస్తాది అన్న ఒక్క మాట దగ్గర నవ్వేది కాదని నాకు తెలుసు.

అప్పటికి మేం ఆఖరి తలుపు దగ్గర ఉన్నాం. ఓడ ముందు భాగంలో ఒక పెద్ద సాలీడును చంపితే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా నేనే చచ్చేదాన్ని. అత్త పక్కనుంచి, ఎడమకి, ఎడమకి అని అరిచేది. అలా కొన్ని వారాలు గడిచాక, ఒకరోజు వాన ఎక్కువై బడికి సెలవిచ్చారు. అత్త అమ్మతో కలిసి రేషనుకి వెళ్లింది. నేను ఒంటరిగా గుమ్మంలో కూర్చుని, అలవాటుగా ఆడుతున్నాను. ఏం జరిగిందో నాకే సరిగ్గా తెలియదు, సాలీడు పడిపోయింది. తలుపు తెరుచుకుంది.

అత్తను పిలవాలని లేచాను. ఆమె ఇంట్లో లేదని గుర్తొచ్చింది. ఆపితే మళ్లీ రాదేమోనని చూస్తూ నిలబడ్డాను. కెప్టెన్ ఓడ మీటల ముందు కూర్చుంది. కిటికీలో గ్రహం కనిపించింది. ఓడ వెనక్కి తిరుగుతుందని చూశాను. తిరగలేదు. గ్రహం పళ్లెమంత అయింది, తర్వాత గోళీ అంత, తర్వాత చుక్క అయి పోయింది. అద్దం మీద ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చింది, కెప్టెన్ వెనక్కి చూడలేదు అని. ఆ తర్వాత పేర్లు.

మళ్లీ మీట నొక్కితే ఆట పాత చోటే, ఆఖరి తలుపుకి ముందే మొదలైంది. రేషను సంచితో అత్త తడుస్తూ వచ్చి, "ఏమైంది పాపా, చచ్చిందా దొంగముండ?" అని సాలీడు గురించి అడిగింది. నాకు చెప్పడానికి నోరు రాలేదు. లేదన్నట్టు తలూపాను. మాట కూడా కాదు, ఒక్క తల ఊపు. ఆమె ఆశ విరిచే మాట నా నోటి నుంచి రాకూడదనుకున్నానో, చెబితే ఆమె పెట్టె సర్దుకుని వెళ్లిపోతుందని భయపడ్డానో, ఏది ఎక్కువో ఈనాటికీ నాకు తేలలేదు. దోర్నాల పెద్దమ్మ కొన్నాళ్లు చూసి వేరే మనిషిని పెట్టుకుంది.

ఆ తర్వాత కూడా నేను అత్త ముందు ఆడుతూనే ఉన్నాను. కావాలనే చచ్చిపోతూ ఉన్నాను. ఆమె ఎడమకి, ఎడమకి అని అరుస్తూనే ఉంది. కానీ కొన్ని సంగతులు అప్పుడు నాకు వింతగా అనిపించాయి. నేను బడికి పోయి వచ్చేసరికి నిండు సెల్సు కూడా నీరసించిపోయేవి. ఆ ఏడు దసరాకి అత్త ఇంకో పని చేసింది. ఆయుధ పూజకి మా షెడ్డులో ఉలులూ సుత్తులూ కడిగి పసుపు కుంకుమ పెట్టేవాళ్లం, ఇంట్లో ఉన్న పలకలకు బొగ్గూ ఆకు పసరూ కలిపి పట్టించి నల్లగా నిగనిగలాడించేవాళ్లం. ప్రతి ఏడూ మా దారుల పలకలను మాత్రం అత్త పక్కన పెట్టి, గీతలు చెరగకుండా అంచులకే పసుపు రాసేది. ఆ ఏడు వాటిని కూడా తుడిచేసింది. అన్నిటినీ తుడిచి, పసరు పట్టించి, కొత్తవాటిలా ఎండలో పరిచింది. దారులు పోయాయే అత్తా అంటే, నీకు నోటికి వచ్చు గదా అంది. చిలక్కొయ్య మీద తువ్వాలు కూడా ఆ పండగ తర్వాత కనిపించలేదు. పాతబడి చిరిగిపోయిందేమో అనుకున్నాను.

నా ఇంటరు అయిపోయేదాకా ఆమె ఆ దుమ్ములోనే కూర్చుంది. నేను గిద్దలూరులో డిగ్రీకి చేరిన ఏడాది, పలకలు అడిగేవాళ్లు తగ్గిపోయి నాయన షెడ్డు మూసేశాడు. అప్పుడు అత్త తనంతట తానే దోర్నాల వెళ్లింది. సత్రంలో మళ్లీ మనిషి అవసరం పడింది. కానీ అడవి గాలి నయం చేయగలిగిన కాలం దాటిపోయింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడేదట.

ఆఖరిసారి ఆమెను చూసింది నేను ఉద్యోగంలో చేరాక, మేం ఆఫీసు వాళ్లం శ్రీశైలం వెళుతున్నప్పుడు. దోర్నాలలో బస్సు టీ కోసం ఆగింది. ముందే కబురు చేశాను. అత్త రోడ్డు పక్కన హోటల్ పందిరి కింద నిలబడి ఉంది. సగమైపోయింది. కనుబొమ్మలు ఇప్పుడు నిజంగానే నెరిశాయి. కిటికీలోంచి నా ఒళ్లోకి అరిటాకు పొట్లం ఒకటి తోసింది, సత్రంలో చేసిన పులిహోర. ఎట్లుండావు, సన్నబడినావు, ఇంగా ఆ పుస్తకాలేనా అని అడుగుతూనే ఉంది. చెప్పాలనుకున్నాను. ఈసారైనా, అత్తా, ఆ ఆట నేను ఆ రోజే పూర్తి చేశానే అని చెప్పాలనుకున్నాను. చుట్టూ ఆఫీసు వాళ్లు ఉన్నారు. నాకు నలుగురిలో నోరు పెగలదు. డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కదులుతుంటే అత్త కిటికీ చువ్వలు పట్టుకుని నాలుగడుగులు వచ్చి ఒక మాట చెప్పింది. దాంతో ఆ తుడిచేసిన పలకలు, నీరసించిన సెల్సు, కనిపించకుండా పోయిన తువ్వాలు అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. బదులు చెప్పేలోపు బస్సు చెక్‌పోస్టు వైపు తిరిగింది. తిరుగు ప్రయాణంలో మేం వేరే దారిన వచ్చాం. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది.

ఇప్పుడు మా పల్లెకి రాత్రి ఎంతైనా ఆటోలున్నాయి. సినిమా మధ్యలో ఎవరూ చెప్పులు వెతుక్కోరు. ఏ సినిమా ఆఖరైనా ఫోన్‌లో వెంటనే చూసుకోవచ్చు. చివరికి ఆటలోనూ రెండు ముగింపులు పెట్టి, మన ఇష్టం అంటున్నారు. మాకున్నది ఒక్కటే ముగింపు. ఒకే గుమ్మంలో, భుజం భుజం ఆనించి కూర్చుని, ఇద్దరం అన్నేళ్లు దాన్ని చూడనట్టే ఉన్నాం. మాలో ఒక్కరు నోరు విప్పి ఉంటే ఆమె ఆ దుమ్ములోంచి ముందే లేచి వెళ్లి ఉండేది. ఆ కాలేజీ పిల్ల మళ్లీ ఎప్పుడైనా బస్సులో కనిపిస్తే, నేనూ ఆడాను, పూర్తి చేశాను అని చెప్పాలనుకుంటున్నాను. చెప్పగలనో లేదో.

దోర్నాలలో కదులుతున్న బస్సు కిటికీ పట్టుకుని, దగ్గు ఆపుకుంటూ అత్త అన్న మాట ఇది:

"ఆ పిల్ల రాలేదు పాపా. నువ్వు బడికి పోయినప్పుడు నేనే ఆడి జూసినా, ఎప్పుడో. నీకు జెప్పేదానికి నోరు రాలే."